‘ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి’ అన్నారు: నోరు విప్పనా, వద్దా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో తొమ్మిదేళ్లుగా అకౌంట్లు రాస్తున్నాను. డిపాజిట్లు తిరిగివ్వలేదని మా ఓనరు మీద నెల కిందట కేసు కట్టారు. మొన్న ఎస్సై గారు ఫోన్ చేసి, ‘ఏం లేదు, రెండు ప్రశ్నలు అడగాలి, ఒకసారి స్టేషన్‌కు వచ్చి వెళ్లండి, మీ ఆవిడను కూడా తీసుకురండి’ అన్నారు. (నిరుడు ఓనరు అడిగితే కాదనలేక 3 లక్షలు మా ఆవిడ ఖాతాలో వేయించుకుని, రెండు రోజుల తర్వాత ఆయన చెప్పినవాళ్లకు పంపాం. మేం ఒక్క రూపాయి ఉంచుకోలేదు.) మా బావమరిది ‘ఒక్క మాట కూడా మాట్లాడకు బావా, మౌనంగా ఉండటం నీ హక్కు’ అంటున్నాడు. మా నాన్న ‘తప్పు చేయనివాడికి భయమేంట్రా, ఉన్నదున్నట్టు చెప్పెయ్, నోరు మూసుకుంటే గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టుంటుంది’ అంటున్నారు. ఓనరేమో ‘మన లాయరున్నాడు, అన్నీ ఆయనే చూసుకుంటాడు, కంగారు పడకు’ అన్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతిని మీరు బ్రాకెట్లో పెట్టేశారు. స్టేషన్‌లో ఎక్కడ మాట్లాడాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆ 3 లక్షల దగ్గరే తేలుతుంది. అక్కడికి వస్తాను. ముందు మీ ఇంట్లో నడుస్తున్న పంచాయితీ చూద్దాం.

మీ బావమరిది చెబుతున్నది అమెరికా మాట. అక్కడ 1966లో మిరాండా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, అదుపులోకి తీసుకున్న మనిషిని ప్రశ్నించే ముందు ‘మౌనంగా ఉండే హక్కు నీకుంది’ అని పోలీసులే చెప్పాలి. ఆ డైలాగు సినిమాల్లో విని విని మన దగ్గరా అలాగే అనుకుంటారు. అదే ఇంగ్లండ్‌లో 1994లో వచ్చిన చట్టం ప్రకారం, పోలీసులు అడిగినప్పుడు చెప్పకుండా తర్వాత కోర్టులో కొత్తగా చెప్పే మాటను అనుమానంగా చూసే అవకాశం ఉంది. ఏ దేశం మౌనం ఆ దేశానిదే. మన మౌనానికి ఆధారం రాజ్యాంగంలోని 20(3) అధికరణం: నేరారోపణ ఎదుర్కొంటున్న మనిషిని తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు.

ఇది రాజ్యాంగంలో మాట. రోజూ స్టేషన్‌లో పనికొచ్చేది, దర్యాప్తూ అరెస్టూ ఎలా జరగాలో చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహితలో 180వ సెక్షన్. 2024 జూలై 1కి ముందు ఇదే సీఆర్పీసీ 161. పాత పోలీసులూ, నాలాంటి పాత లాయర్లూ ఇప్పటికీ ‘161 స్టేట్‌మెంట్’ అనే అంటాం. కేసు సంగతులు తెలిసినవాళ్లు ఎవరైనా సరే, దర్యాప్తు అధికారి అడిగిన ప్రశ్నలకు నిజం చెప్పి తీరాలని ఆ సెక్షన్ అంటుంది. అంటూనే ఒక మినహాయింపు ఇస్తుంది: ఏ జవాబు చెబితే ఆ మనిషే కేసులోనో శిక్షలోనో జరిమానాలోనో ఇరుక్కునే వీలుందో, ఆ జవాబు చెప్పనక్కర్లేదు.

దీన్ని జాగ్రత్తగా చదవండి. మన చట్టంలో మౌనం టోకుగా దొరకదు. ప్రశ్న ప్రశ్నకూ విడివిడిగా దొరుకుతుంది. పేరు అడిగితే మౌనం, ఎప్పట్నుంచి పనిచేస్తున్నావంటే మౌనం, చెక్కుల మీద సంతకం ఎవరిదంటే మౌనం అంటూ కూర్చుంటే అది హక్కు కాదు. జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు చెప్పకపోవడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 214 కింద నేరం కూడా. 6 నెలల వరకు సాధారణ జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

ఈ గీత ఎక్కడ గీయాలో చెప్పిన కేసు ఒకటుంది. 1977లో ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిని అవినీతి కేసులో కటక్ విజిలెన్స్ స్టేషన్‌కు పిలిపించి, రాసి ఉంచిన ప్రశ్నల జాబితా చేతికిచ్చారు. ఆవిడ 20(3) చూపించి జవాబు చెప్పనన్నారు. జవాబు చెప్పనందుకు మళ్లీ ఇంకో కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు రాస్తూ, ఈ రక్షణ కోర్టు బోనులో మొదలుకాదు, పోలీసు ప్రశ్నించే గదిలోనే మొదలవుతుందన్నారు. లాఠీ ఒక్కటే బలవంతం కాదు, గంటల తరబడి విసిగించి, బెదిరించి, మనసు మీద ఒత్తిడి తెచ్చి చెప్పించడమూ బలవంతమేనన్నారు. ఇప్పుడు నడుస్తున్న కేసులోనే కాదు, మీద పడేలా ఉన్న ఇంకో కేసులో ఇరికించే జవాబుకూ ఇదే రక్షణ అన్నారు. అలాగని ఆవిడను పూర్తిగా వదిలేయలేదు. ఇరికించని ప్రశ్నలకు జవాబు చెప్పి తీరాలని కూడా అదే తీర్పులో ఉంది. నా దగ్గరికొచ్చే క్లయింట్లలో చాలామంది ఈ రెండో సగం వినరు.

ఇక మీ సంగతి. మీరు ఏ పనిలో ఉన్నారు, జీతమెంత, డిపాజిట్ రసీదులు ఎవరు రాసేవారు, నగదు ఎవరి చేతిలో ఉండేది, చెక్కు మీద సంతకం ఎవరిది, లెక్కలు ఏ కంప్యూటర్‌లో ఉన్నాయి, ఆ పుస్తకాలు ఎక్కడ పెట్టారు? వీటికి జవాబు చెప్పండి. ఇక్కడ మీరు సాక్షి. చెప్పకపోతే వచ్చే లాభం లేదు, అనుమానం మాత్రం వస్తుంది. ఆ తర్వాత ఎస్సై గారు కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, ‘మీ ఆవిడ ఖాతాలో పడ్డ డబ్బు ఎవరిది? అది డిపాజిటర్ల డబ్బని మీకు తెలుసా?’ అంటారు. ఆ క్షణంలో మీరు సాక్షి కుర్చీలోంచి ఇంకో కుర్చీలోకి మారిపోయారు. ఆగాల్సింది అక్కడ. గొంతు పెంచక్కర్లేదు, సెక్షన్లు వల్లించక్కర్లేదు. ‘సార్, ఈ ప్రశ్నకు జవాబు నా మీదికే వచ్చేలా ఉంది. మా లాయరు గారితో మాట్లాడి చెబుతాను’ అంటే చాలు. మళ్లీ అడుగుతారు. మళ్లీ అదే మాట, అదే మర్యాదతో. ఇంకో రకంగా తిప్పి అడుగుతారు. అప్పుడూ అదే.

నోరు మూసుకున్నందుకు ఇరుక్కున్నవాళ్లను నేను చాలా తక్కువ చూశాను. అబద్ధం చెప్పి ఇరుక్కున్నవాళ్లను చూశాను. అంతకంటే ఎక్కువగా, తెలియనిదాన్ని తెలిసినట్టు ఊహించి చెప్పి ఇరుక్కున్నవాళ్లను చూశాను. స్టేషన్‌లో నిశ్శబ్దం భరించడం కష్టం. ఎదురుగా ఉన్నాయన ఏమీ అనకుండా చూస్తూ కూర్చుంటే, ఆ ఖాళీ నింపడానికి మనమే ఏదో ఒకటి అనేస్తాం. నా క్లయింటు ఒకాయన ఇలాగే ఇరుక్కున్నాడు. ‘ఆ రోజు గోడౌన్ తాళం ఎవరి దగ్గరుంది?’ అని అడిగారు. అతనికి నిజంగా గుర్తు లేదు. మర్యాదకి ‘నా దగ్గరే ఉండొచ్చేమో సార్’ అన్నాడు. రైటర్ తలెత్తకుండా రాసుకుపోయాడు. తర్వాత చార్జిషీటుతో పాటు వచ్చిన కాపీలో ఆ వాక్యం ఇలా ఉంది: ‘సదరు దినమున గోడౌన్ తాళం నా స్వాధీనంలో ఉన్నది.’ ఉండొచ్చూ పోయింది, ఏమో కూడా పోయింది. రైటర్ కావాలని మార్చాడని నేననను. పోలీసు రాతకు అనుమానార్థకం తెలియదు, అంతే. కాబట్టి గుర్తులేనిది గుర్తులేదనే చెప్పండి. అకౌంటెంటు కాబట్టి మీకు ఇంకా మంచి జవాబుంది: ‘పుస్తకం చూస్తే గాని చెప్పలేను సార్.’ ఇది తప్పించుకోవడం కాదు, తేదీలూ అంకెలూ నోటికి చెప్పే అకౌంటెంటును నేనైతే నమ్మను.

ఆ రాసుకున్న కాగితం మీద సంతకం పెట్టమంటే? అవసరం లేదు. పోలీసులకిచ్చిన వాంగ్మూలం మీద చెప్పినవాళ్ల సంతకం తీసుకోకూడదని సురక్షా సంహిత 181వ సెక్షన్ సూటిగా చెబుతుంది. నోటీసు అందిందని పెట్టే సంతకం వేరు, ఏదైనా స్వాధీనం చేసుకుంటే పంచనామా మీద పెట్టే సంతకం వేరు. వాటిని చదివి పెట్టండి, చదవనివ్వకపోతే ‘చదవనివ్వలేదు’ అని రాసి పెట్టండి. తెల్లకాగితం మీద మాత్రం, ‘ఫార్మాలిటీ’ అన్నా సరే, పెట్టకండి.

‘ఒప్పేసుకో, చిన్న కేసుతో పోతుంది’ అనే మాట కూడా వినిపించొచ్చు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. సాక్ష్య చట్టంలో పాత 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 23వది. మరైతే మాట్లాడితే నష్టమేంటని అడుగుతారేమో. అందులోనే ఒక మెలిక ఉంది. కస్టడీలో ఉన్న మనిషి చెప్పిన మాటతో కొత్తగా ఏదైనా వస్తువో సంగతో బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. పైగా కోర్టులో చెల్లని మాట కూడా దర్యాప్తుకు దారి చూపిస్తుంది.

మౌనం మీకు ఇవ్వలేనిది ఒకటి చెప్పాలి, మీ వృత్తికి అది ముఖ్యం. లెక్కల పుస్తకాల్లో దస్తూరీ మీదేనా అని తేల్చడానికి చేతిరాత నమూనా అడగొచ్చు. వేలిముద్రలూ చేతిరాతా ఇవ్వడం తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడం కిందికి రాదని 1961లోనే 11 మంది జడ్జీల ధర్మాసనం తేల్చేసింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకుని అడిగితే ఇవ్వాలి. అదే నార్కో పరీక్ష, లై డిటెక్టర్ లాంటివి మీ ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేయి నమూనా ఇవ్వాలి, బుర్రలో ఉన్నది బలవంతంగా తీయకూడదు, అలా గుర్తుపెట్టుకోండి. ఫోన్ పాస్‌వర్డు ఈ రెంటి మధ్యలో ఇరుక్కుంది. కోర్టులు రెండు రకాలుగానూ చెప్పాయి. అడిగితే లాయరుతో మాట్లాడకుండా ఇవ్వకండి, లాక్కుంటే తోపులాటకు దిగకండి.

మీ నాన్నగారి భుజాల సామెతకు జవాబు. ‘మౌనం అర్ధాంగీకారం’ అన్నది పెళ్లిచూపుల్లో పనికొస్తుంది. పోలీసుల ముందు నోరు విప్పలేదు కాబట్టి నేరం చేశాడని కోర్టు తీర్మానించకూడదు. నేరం ఒప్పుకోకపోవడాన్ని ‘దర్యాప్తుకు సహకరించలేదు’ అనకూడదని కూడా 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఎస్సై గారి మనసులో కలిగే అనుమానాన్ని ఏ అధికరణమూ ఆపలేదు, ఆ మేరకు మీ నాన్నగారిది లోకజ్ఞానమే. అందుకే మొత్తం నోరు కట్టేసుకోవద్దంటున్నాను. మీకు పనికొచ్చే కాగితం ఉంటే, ఉదాహరణకు ఓనరు ‘3 లక్షలు వేస్తున్నా, ఫలానావాళ్లకు పంపు’ అని పెట్టిన మెసేజ్, దాన్ని ఎప్పుడు బయటపెట్టాలో లాయరు నిర్ణయిస్తారు. ముందే లిఖితపూర్వకంగా ఇవ్వడమే మేలనిపించే కేసులూ ఉంటాయి.

ఆ మెసేజ్‌లు చెరిపేయాలనే ఆలోచన వచ్చి ఉంటే మానుకోండి. చెప్పకపోవడం హక్కు, చెరిపేయడం నేరం. పాత తేదీలతో వోచర్లు రాయమని ఓనరు అడిగినా అంతే.

ఇప్పుడు ఆ ఫోన్ కాల్. ఫోన్‌లో ‘వచ్చి వెళ్లండి’ అనడం చట్టం చెప్పే పిలుపు కాదు. సాక్షిగా పిలవాలంటే అదే సురక్షా సంహిత 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. అనుమానితుడిగా పిలిచి, అరెస్టు అక్కర్లేదనుకుంటే 35(3) కింద నోటీసివ్వాలి. జనం ఇప్పటికీ పాత సీఆర్పీసీ నంబరుతో 41ఏ నోటీసనే అంటారు. ఇవి వాట్సాప్‌లో పంపితే చాలదని 2025లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఈ రెండు నోటీసుల తేడా మీకు చాలా ముఖ్యం, ఎందుకంటే మిమ్మల్ని వాళ్లు ఏ కుర్చీలో కూర్చోబెట్టారో నోటీసు మీది సెక్షన్ నంబరే చెబుతుంది. అందుకే ఎస్సై గారికి ఫోన్ చేసి, ‘తప్పకుండా వస్తాను సార్, ఒక నోటీసు ఇప్పించండి, ఆఫీసులో చూపించుకోవాలి’ అనండి. దెబ్బలాట పెట్టుకోవద్దు. నోటీసు వచ్చాక మాత్రం వెళ్లి తీరండి. 35(3) నోటీసు పాటిస్తున్నంత కాలం, ప్రత్యేక కారణాలు రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. పాటించకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. ఈలోగా ఎఫ్‌ఐఆర్ చూడండి. సున్నితమైన కేసులు తప్ప మిగతావి పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 నుంచీ సుప్రీంకోర్టు ఆదేశముంది. అందులో మీ పేరుందా, ‘మరికొందరు’ అని ఉందా అన్నది చూసుకునే వెళ్లాలి.

మీ ఆవిడను తీసుకెళ్లకండి. ఆడవాళ్లను సాక్షిగా విచారించాలంటే వాళ్లుండే చోటికే పోలీసులు రావాలి. 15 ఏళ్లలోపు, 60 ఏళ్లు దాటిన మగవాళ్లకూ, వికలాంగులకూ, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకూ ఇదే నియమం. నందినీ సత్పతిని స్టేషన్‌కు పిలవడమే తప్పని ఆ రోజే కోర్టు మందలించింది. తనకు తాను వస్తానంటే రావచ్చు, కానీ ఆవిడ రాకపోవడమే మంచిది. ఖాతా ఆవిడ పేరు మీద ఉంది. ఆ 3 లక్షల ప్రశ్న మీకంటే ముందు ఆవిడకే తగులుతుంది. నేను చెప్పిన ‘లాయరుతో మాట్లాడి చెబుతాను’ అన్న వాక్యం ఆవిడకూ నేర్పండి. ‘మా ఆయన వేయించుకున్నారు, నాకేం తెలీదు’ అనేది నిజమే కావచ్చు, కానీ అది మీ మీద పడే జవాబు. ఆ నిర్ణయం కంగారులో తీసుకునేది కాదు.

లాయరును వెంట తీసుకెళ్లొచ్చా అంటే, తీసుకెళ్లండి. అరెస్టయిన మనిషికి విచారణ జరుగుతుండగా లాయరును కలుసుకునే హక్కు సురక్షా సంహిత 38వ సెక్షన్ ఇస్తుంది, కానీ మొత్తంసేపూ పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదు. కొన్ని కేసుల్లో కోర్టులు లాయరును కనిపించేంత దగ్గర్లో, మాట వినిపించనంత దూరంలో ఉంచమన్నాయి. మీరింకా అరెస్టు కాలేదు కాబట్టి బయట బల్ల మీద ఆయన కూర్చున్నా చాలు. లోపల గొంతులు మర్యాదగా ఉంటాయి.

ఒకవేళ అరెస్టు చేస్తే, కారణం చెప్పాలి, మీవాళ్లకు కబురు చేయాలి, డాక్టరుకు చూపించాలి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కొట్టారనుకోండి, మేజిస్ట్రేటు ‘పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా?’ అని అడుగుతారు. వెనక కానిస్టేబుల్ నిలబడి ఉంటాడు. చాలామంది తల అడ్డంగా ఊపేస్తారు. అన్ని చోట్లా మాట్లాడి, అక్కడ మౌనంగా ఉండిపోతారు. దెబ్బ ఎక్కడ తగిలిందో అక్కడ చెప్పాలి.

ఇంకో చిన్న హెచ్చరిక. డిపాజిట్ల కేసు పెద్దదైతే ఈడీ (అక్రమ సొమ్ము మళ్లింపు కేసులు చూసే కేంద్ర సంస్థ) కూడా రావచ్చు. ఈడీ అధికారులు పోలీసులు కారని 2022లో సుప్రీంకోర్టు అంది. వాళ్ల సమన్లకు వెళ్లాలి, నిజం చెప్పాలి, సంతకం కూడా పెట్టాలి, ఆ వాంగ్మూలం కోర్టులో వాడతారు. పైన నేను రాసిందంతా అక్కడ అలాగే పనిచేస్తుందనుకోకండి. ఇక ఎవరైనా వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని విచారణ అంటే అది విచారణ కాదు, దోపిడీ. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

చివరిగా మీ ఓనరు చెప్పిన ‘మన లాయరు’ గురించి. ఆయన మంచి లాయరే అయివుంటారు. కానీ రేపు ఓనరుకు పనికొచ్చే వాదన ‘డబ్బు వ్యవహారమంతా అకౌంటెంటే చూసుకునేవాడు’ అన్నది కావచ్చు. ఆ మాట వినిపించాల్సిన మనిషికి మీరు మీ 3 లక్షల సంగతి చెప్పుకుంటారా? స్టేషన్‌కు వెళ్లే ముందే వేరే లాయరును పెట్టుకోండి. మీ ఆవిడ ఖాతా స్టేట్‌మెంట్ బ్యాంకులో తీయించి, ఆయన బల్ల మీద పెట్టి, బ్రాకెట్లు తీసేసి మొదటి నుంచి చెప్పండి. ఫీజు భారమనిపిస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, ఫోన్ నంబరు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, కాబట్టి మీ ఆవిడ పేరు మీదైతే ఈ వారమే అడగొచ్చు.